రెండోసారి అడిగే మాష్టారు

ఫలానా ఆయన పోయాడండీ అని ఎవరైనా చెబితే, కూర్మనాథం మాష్టారు అయ్యో అనే ముందు "ఎవరు చూశారు?" అని అడిగేవారు. అంత అనుమానం మనిషి. పాలవాడిని అరుగు మీద కూర్చోబెట్టి, పాలు కాచి, మీగడ కట్టేదాకా వదిలేవారు కాదట. టెక్కలిలో పలాస బోర్డు పెట్టుకున్న బస్సు ఎక్కుతూ కూడా కండక్టరును ఒకసారి, డ్రైవరును ఒకసారి "పలాసేనా?" అని అడగందే లోపల కాలు పెట్టేవారు కాదు. ఇద్దరూ ఔనంటే, ఇద్దరూ కూడబలుక్కున్నారేమోనని కిటికీ పక్కన కూర్చుని దారి చూసుకుంటూ వెళ్ళేవారు.

ఆయన దగ్గర నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను. మామూలు ఇంగ్లీషు కాదు, ఆసుపత్రి ఇంగ్లీషు. ఇప్పుడు ఉద్దానంలో ఒక సబ్ సెంటర్లో ఏఎన్ఎంగా చేస్తున్నాను. నా పేరు మాధవీలత, నందిగాం దగ్గర జీడితోటలున్న ఊరు మాది.

తొంభై తొమ్మిదిలో టెక్కలి హైవే పక్కన, ఎరువుల కొట్టు మీది అంతస్తులో వైకుంఠరావు గారు ఏఎన్ఎం స్కూలు పెట్టారు. అంతకు ముందు అదే గదిలో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. ఫీజు కట్టడానికి వచ్చిన మా నాన్న మెట్ల మీదే ఆగి, "టైపు మిషన్లు పోయి పురుళ్ళొచ్చినాయేటి?" అన్నాడు. చేరాక కూడా సర్టిఫికెట్టు చెల్లుతుందో లేదోనని మా ఇంట్లో అందరికీ గుబులే. ఇంగ్లీషు క్లాసు కూడా ఉందని తెలిసేసరికి ఆ గుబులుకు కాళ్ళొచ్చాయి. పురుడు పొయ్యడానికి ఇంగ్లీషెందుకు, బిడ్డేమైనా ఇంగ్లీషులో ఏడుస్తుందా అని మా పెద్దమ్మ. పిల్లలకు నాలుగు ముక్కలు నేర్పి కువైట్ పంపేస్తారని ఊళ్ళో మాట. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, అప్పుడు గల్ఫు బ్రోకర్లు మా వైపు ఊళ్ళ వెంట తిరుగుతూనే ఉన్నారు.

మాకు మాత్రం ఆ మాష్టారి మీదే అనుమానం. హైస్కూల్లో చేసి రిటైరైన ముసలాయన, ఆడపిల్లలకు గర్భసంచి గురించీ నెలసరి గురించీ ఇంగ్లీషులో ఏం చెబుతాడు, ఎలా చెబుతాడు? తీరా చూస్తే ఆయనకు మాకంటే సిగ్గెక్కువ. అలాంటి మాట వచ్చినప్పుడల్లా మా వైపు చూడకుండా, గోడకున్న ఎరువుల కంపెనీ కాలెండరు వైపు తిరిగిపోయేవారు. ఆ కాలెండరు మీది వరి కంకులకు ప్రసూతి శాస్త్రమంతా వచ్చేసి ఉంటుందని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆయనకు వైద్యం రాదు, ఆ మాట ఆయనే చెప్పేవారు. మందుల పేర్లు ట్యూటరమ్మ చూసుకుంటుంది, మాట నాది అనేవారు. ప్రతి జబ్బుకూ రెండు మాటలు నేర్పేవారు, డాక్టరుకు చెప్పే మాటొకటి, ఇంట్లో మనిషికి అర్థమయ్యే మాటొకటి. మొదటి మాట పేషెంటు దగ్గర అంటే ఊరుకునేవారు కాదు. అన్నిటికంటే ఆయనకిష్టమైన పాఠం ఇంకొకటుంది. రోగి తలనొప్పి లేదంటే, తలనొప్పి లేదని చెప్పకూడదు. లేదని రోగి అంటోంది అని చెప్పాలి.

"ఆవిడ చెప్పింది ఆవిడది. నువ్వు చూసింది నీది. రెండూ కలిపి ముద్ద చెయ్యకండి. నమ్మకం కుదరకపోతే రెండోసారి అడగండి. అదే ప్రశ్న కాదు, ఇంకో దారమ్మట వెళ్ళి అడగండి" అనేవారు.

అక్టోబరులో తుఫాను వచ్చింది. మా జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొబ్బరితోటల్లో మొవ్వులు విరిగి పడ్డాయి. స్కూలు తెరిచాక మాష్టారు పాఠం పక్కనపెట్టి, తుఫాను నాడు ఎవరింట్లో ఎవరికి ఏం జబ్బు చేసిందో ఇంగ్లీషులో చెప్పమన్నారు. నా పక్కన కూర్చునే మంగ లేచింది. బారువ దగ్గర సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది, వేటకు వెళ్ళే కుటుంబం. ఊరంతా బడిలో తలదాచుకుంటే వాళ్ళ వదిన రాణికి ఒకటే వాంతులనీ, నిమ్మకాయ వాసన చూపిస్తూ కూర్చున్నామనీ తడుముకుంటూ చెప్పింది. మాష్టారు వాంతి అన్న మాటను సరిగ్గా పలికించి కూర్చోమన్నారు. ఆ సంగతి మేమందరం అప్పుడే మరిచిపోయాం.

మరుసటి సంవత్సరం మే నెలలో నాలుగు రోజులు సెలవిచ్చి, ఊళ్ళో ఒక గర్భిణిని పలకరించి ఆవిడ సంగతంతా ఇంగ్లీషులో చెప్పాలన్నారు. మేము బస్సులో కూర్చుని కథలల్లేస్తామని ఆయన అనుమానం. నిజం చెప్పొద్దూ, నలుగురైదుగురు అల్లారు కూడా.

మంగ తన వదిన గురించే చెప్పింది. ఏడో నెల. కాళ్ళు వాపు, మొహం వాపు, తలనొప్పి, కళ్ళ ముందు మిణుగురులు. ఇంతకు ముందు రెండు కాన్పుల్లోనూ నెలలు నిండే వేళకు బిడ్డ కడుపులోనే పోయింది.

మాష్టారు కాలెండరు వైపు తిరగలేదు. మంగనే చూస్తూ అడిగారు. "ఈ మిణుగురులు నువ్వు బస్సులో అల్లినవా, ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"తుఫాను నాడు బడిలో వాంతులు చేసుకున్నది ఎవరే?"

"మా వదినేనండి" అనేసింది మంగ. అన్నాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడో నెలైతే అప్పటికి కడుపే లేదు కదా."

"అది జొరమండి."

"జ్వరానికి నిమ్మకాయ వాసన చూపించారా?"

మంగ తల దించుకుని జడ కొస తిప్పుకుంటూ నిలబడింది. మాష్టారు కూర్చోమని చెయ్యి ఊపారు. అబద్ధం ఇంగ్లీషులో చెప్పినా అబద్ధమేనమ్మా అని మెల్లగా అన్నారు.

ఇందులో మంగను తప్పుపట్టే హక్కు మా వైపు ఎవరికీ లేదు. ఒడ్డు ఊళ్ళలోనే కాదు, మా తోటల ఊళ్ళలోనూ కడుపుతో ఉన్న మనిషి నెలలు పైవాళ్ళకు ఉన్నవి ఉన్నట్టు చెప్పరు. ఒకటి తగ్గించి చెబుతారు, దిష్టి తగలకుండా. ఇద్దరు బిడ్డలు పోయిన ఇంట్లో రెండు తగ్గిస్తారు. ఏడంటే తొమ్మిదని మాకు మేము అర్థం చేసుకుంటాం, పైకి ఏడనే అంటాం. మనిషికైనా డాక్టరుకైనా ఒకటే లెక్క.

ఆ సాయంత్రం మా అద్దె గదిలో మంగను నిలదీశాను. అసలు సంగతి అప్పుడు బయటపడింది. కిందటి వారమే రాణిని టెక్కలిలో ఒక లేడీ డాక్టరుకు చూపించారట. బీపీ బాగా ఎక్కువుందని చెప్పి ఆవిడ, "తొమ్మిదో నెలైతే ఇవాళే బిడ్డను బయటికి తీసేద్దును. ఏడంటున్నారు కాబట్టి మందులతో లాక్కొద్దాం" అందట. కడుపు కూడా చిన్నగానే ఉండడంతో ఏడన్న మాట ఆవిడకు అతికినట్టే సరిపోయింది. ఆ మాట వింటూ మంగ అక్కడే నిలబడి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "విన్నావు కదే, తొమ్మిదని చెప్పకపోయావా?"

"అమ్మ పక్కనే ఉన్నాది. మొదటిసారి నర్సమ్మకి ఉన్నదున్నట్టు సెప్పినాం, పోనాది. రెండోసారి ఒక నెల తగ్గించినాం, అదీ పోనాది. ఈసారి రెండు తగ్గించాలని అమ్మ ఒట్టేయించుకున్నాది. నాను నోరిప్పినాక ఏదైనా అయితే, నీ నోటివల్లే పోనాదని అమ్మ సచ్చేదాకా అంటాది. నాకూ అలగే అనిపిస్తాది మాధవీ."

చదువుకుంటున్న పిల్లవు, నీకూ అలాగే అనిపిస్తుందా అని తిట్టాను. తిట్టాను గానీ, నా నోటితో నేను చెప్పమంటే చెబుదునా అని రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఆ బిడ్డ బతకడం, మానడం మంగ నాలుక మీద ఉంది. ఆ నాలుకేమో వాళ్ళమ్మ గుప్పిట్లో ఉంది.

పొద్దున్నే మాష్టారు గొడుగు పట్టుకుని మా గది ముందు నిలబడ్డారు. "అన్నీ వింటుంటే నాకు నమ్మకంగా లేదు. పదండి, మీ వదినను చూసొద్దాం" అన్నారు. మేము యూనిఫాం చీరల్లోనే బయలుదేరాం. కాశీబుగ్గలో బస్సు మారుతున్నప్పుడు గాలిలో జీడిపిక్కలు కాల్చే వాసన. ఎప్పటిలాగే ఆయన కండక్టరునూ డ్రైవరునూ అడిగారు.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టడం ఆపి మమ్మల్ని చూశారు. పంచె కట్టుకున్న ముసలాయన, వెనక తెల్లచీరల పిల్లలు. కువైట్ బ్రోకరు ఇలాగే ఉంటాడని వాళ్ళకెవరో చెప్పినట్టుంది, ఒకావిడ కూతురిని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మంగ వాళ్ళ ఇంటి ముందు అన్న ఢిల్లీరావు వల బాగుచేసుకుంటున్నాడు. తల్లి జగదాంబ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరేనేటి బాబూ ఆ ఇంగ్లీసు మాష్టరు? ఆడపిల్లలకి కడుపుల గురించి సెప్తారట."

మాష్టారు వల వైపు చూశారు. ఇక్కడ కాలెండరు లేదు పాపం. "నేను మాటలు చెబుతానమ్మా. కడుపుల సంగతి ట్యూటరమ్మ చెబుతుంది" అన్నారు.

"మా కోడలికి ఏటీ నేదు. ఏడో నెల. ఈ ఉప్పునీళ్ళు పడక కాళ్ళు పొంగినాయి, అంతే."

లోపల నులకమంచం మీద రాణి కూర్చుని ఉంది. మొహం ఉబ్బి కళ్ళు సగం మూసుకుపోయాయి. కాలివేళ్ళ వాపులో మెట్టెలు కూరుకుపోయి కనిపించడం లేదు. ఆ కాళ్ళను చూశాక నాకు భయమేసింది. పుస్తకంలో చదివిందంతా ఎదురుగా కూర్చున్నట్టుంది.

"తలనొప్పి ఎలా ఉందమ్మా?" అన్నారు మాష్టారు గుమ్మం బయటే నిలబడి.

రాణి అత్త మొహం చూసింది. "నేదు బాబూ."

ఆయన ఢిల్లీరావు వల చూపించి, "వలలో ఇరుక్కున్న చేపను నువ్వు ఏరగలవా ఇప్పుడు? చిన్నవి చూపుకు ఆనుతున్నాయా?" అన్నారు.

"ఎక్కడానతాయి బాబూ, ఒక్కోటీ రెండేసి కనపడతన్నాయి" అంది రాణి.

ఢిల్లీరావు చేతిలోని వల కింద పడేశాడు. "ఆ మాట నాకెందుకు సెప్పనేదు?" అన్నాడు.

జగదాంబ కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసింది. టెక్కలికి తీసుకెళ్దాం అని ఎవరైనా అంటే ఆవిడ ససేమిరా ఒప్పుకునేది కాదు. మాష్టారు ఆ మాట అనలేదు. ముల్లును ముల్లుతోనే తియ్యాలని ఆయనకు తెలుసు.

"టెక్కలొద్దమ్మా. అక్కడ ఆసుపత్రి నిండా మన వైపు వాళ్ళే, ఎవరి చూపు ఎలాంటిదో. బరంపురం వెళ్దాం. అక్కడ మనల్ని ఎరిగినవాడు ఒక్కడూ ఉండడు."

అంత అనుమానం ఉన్న మాట జగదాంబకు మొదటిసారి మంచి మాటలా వినిపించినట్టుంది. ముక్కుపుడక సవరించుకుని ఆలోచించింది. "ఎల్దుం. గానీ నెలలు మాత్రం నానే సెప్తాను. ఇంకెవులూ నోరిప్పకండి. మంగా, నీకే సెప్తన్నాను."

ఢిల్లీరావు చేపల వ్యాను మాట్లాడుకొచ్చాడు. మాష్టారు బ్రేకులు ఉన్నాయా అని డ్రైవరును అడిగి, చక్రాలు తన్ని చూసి, అప్పుడు ఎక్కారు. ఐసు వాసన మధ్య రాణిని పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. దారిలో రెండుసార్లు కక్కుకుంది.

బరంపురం ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఒడియా మనిషి, తెలుగు ముక్క రాదు. జగదాంబకు అదేం ఇబ్బంది కాదు. ఎండుచేపలు కొనడానికి వచ్చే ఒడియా వ్యాపారులతో ముప్ఫై ఏళ్ళుగా బేరాలాడుతున్న మనిషి. డాక్టరు అడగడమే తడవు, "సాత మాసొ" అంది గట్టిగా. ఏడో నెల అన్నమాట. ఆయన బీపీ చూసి మొహం ముడిచాడు. కడుపు తడిమి చూస్తే అదీ ఏడుకు తగ్గట్టే చిన్నగా ఉంది. నర్సుకు ఏదో సూదిమందు చెప్పి, బెడ్డు మీద ఉంచి చూద్దాం అన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు మంగ కట్టుకున్న తెల్లచీర మీద ఆయన చూపు పడింది. నువ్వు నర్సువా, ఈవిడ సంగతి చెప్పు అని ఇంగ్లీషులో అడిగాడు.

మంగ తల్లి వైపు చూసింది. జగదాంబ కూతురి నోటి వైపు చూస్తూ నిలబడింది. ఆవిడకు తెలుగు వచ్చు, ఒడియా వచ్చు. ఆ గదిలో ఆవిడకు రాని భాష ఒక్కటే ఉంది. నాకు అప్పుడు తట్టిందది. మంగకు నాకంటే ముందే తట్టిందేమో తెలియదు. గుమ్మం దగ్గర మాష్టారు గోడ వైపు తిరిగిపోయి, అక్కడున్న కాలెండరు చూడడం మొదలుపెట్టారు.

"ఫ్యామిలీ సేస్ సెవెన్ మంత్స్ సర్" అంది మంగ. "ఐ సే నైన్."

ఇంటివాళ్ళు చెప్పింది ఇంటివాళ్ళది, నేను చూసింది నాది. ఆయన నేర్పిన పాఠమే.

నీకెలా తెలుసు అన్నాడు డాక్టరు.

"సైక్లోన్ డే షీ వాజ్ వామిటింగ్ సర్. టూ బేబీస్ ఆల్రెడీ డెడ్ సర్. ఐ నో."

వాంతి అన్న మాట ఎక్కడా తప్పు పోలేదు. తుఫాను బరంపురాన్నీ వదల్లేదు కాబట్టి అది ఏ నెలో ఆ డాక్టరుకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకుని రాణి వైపు చూశాడు. తర్వాత నర్సుతో మాట్లాడిన ఒడియా వేరే వేగంలో ఉంది. నలుగురొచ్చి స్ట్రెచర్ తోసుకుపోయారు.

జగదాంబ కూతురి మోచెయ్యి పట్టుకుంది. "ఏటే, ఏటన్నావు ఆడితోటి?"

"ఏడనే అన్నానమ్మా."

"ఏడనడానికి అంతసేపేటి?"

"ఇంగ్లీసులో అలగే సెప్తారమ్మా."

జగదాంబ చాలాసేపు మంగ మొహంలోకి చూసింది. ఇంగ్లీషు తెలియదు గానీ, కన్నకూతురి మొహం తెలియని మనిషి కాదు. "మంచిది. ఎవులడిగినా అదే సెప్పు" అని చెయ్యి వదిలేసింది. వదిలేసి వరండాలో నేల మీద కూలబడింది. మాష్టారు వెళ్ళి ఆవిడకు కొంచెం దూరంలో, గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఆపరేషను చేశారు. ఆడపిల్ల, ఇంతే ఉంది. గదిలోంచి ఏడుపు వినిపించినప్పుడు ఢిల్లీరావు మెట్ల మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. మంగా నేనూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. మాష్టారు మాత్రం నర్సు బయటికొచ్చి చెబితే, తల్లి ఎలా ఉంది అని ఒకసారి, కళ్ళు కనిపిస్తున్నాయా అని ఒకసారి అడిగారు.

తర్వాత మా కోర్సు పూర్తయింది. సర్టిఫికెట్టు చెల్లింది, మా నాన్న ఇప్పటికీ నమ్మలేకపోతున్నాడు. వైకుంఠరావు గారి స్కూలు కొన్నాళ్ళకు మూతపడింది. మాష్టారు కూడా రెండువేల ఏడులో పోయారు. ఫోనులో ఆ మాట చెప్పింది మంగే. నేనూ "ఎవరు చూశారు?" అనే అడిగాను. అటు నుంచి మంగ ఏడుస్తూనే నవ్వింది.

ఆయన పేరెత్తితే నాకు బరంపురం కంటే ఇంకో రోజు ముందుగా గుర్తొస్తుంది. పాప పుట్టి నెలన్నర దాటాక ముగ్గురం మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం. ఆయన చంకలో అరటిపళ్ళు, దారిలో రెండు చోట్ల వాసన చూసి కొన్నవి. ఈసారి జగదాంబ మమ్మల్ని గుమ్మం దాటనిచ్చింది. పాప తాటాకు చాప మీద గుడ్డ కప్పుకుని నిద్రపోతోంది. ఆవిడ గుడ్డను కాళ్ళ దగ్గర కొంచెం ఎత్తి, అరికాలు మాత్రం చూపించింది. అరికాల్లో కూడా కాటుక చుక్క ఉంది. మొహం చూపించలేదు. ఆ పిల్ల బతకడానికి కారణమైన మనిషి కళ్ళ మీదే ఆవిడకు అనుమానం. నాకు కోపమొచ్చింది, మంగ సిగ్గుతో చచ్చిపోయింది.

మాష్టారు ఆ చిన్న అరికాలు చూస్తూ, "ఎన్నాళ్ళ పిల్లమ్మా?" అన్నారు.

"మొన్నే కదా బాబూ. ఇంకా పురుడు కూడా అవ్వనేదు" అంది జగదాంబ, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ.

పుట్టిన గంటలో ఆయన అక్కడే ఉన్నారు. పురుటి స్నానం నాడు పంపిన మిఠాయి కూడా ఆయన తిన్నారు. నేను ఆయన మొహం చూశాను, రెండో ప్రశ్న ఏ దారమ్మట వస్తుందా అని.

"అలాగా. అయితే ఇంకా పసిగుడ్డేనన్నమాట. కప్పెయ్యమ్మా, గాలి తగులుతుంది" అన్నారు.

తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఉండబట్టలేక అడిగాను. "నమ్మినారేటి మాష్టారండీ?"

"ఇద్దర్ని పోగొట్టుకున్న ఇల్లే అది. ఆవిడ ఎన్నాళ్ళంటే అన్నాళ్ళే" అన్నారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

బస్సు వచ్చింది. "పలాసేనా?" అని కండక్టరును అడిగి ఎక్కారు. డ్రైవరును అడగలేదు.